ఉబ్బసం ఉన్న అమ్మకి నాలుగు రోజులుగా జ్వరం, ఏ మాత్ర వేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. అమ్మకి 54 ఏళ్లు, చాలా కాలంగా ఉబ్బసం, రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వాడుతుంది. నాలుగు రోజులుగా జ్వరం 101, 102 ఉంటోంది, డోలో వేస్తే తగ్గి ఐదారు గంటలకి మళ్లీ వస్తోంది. ఒళ్లు నొప్పులు కూడా బాగా ఉండేసరికి పక్కింటివాళ్లు కాంబిఫ్లామ్ వేయమంటున్నారు, ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తానంటున్నాడు. జ్వరంలో ఇన్‌హేలర్ వేడి చేస్తుందని అమ్మ నిన్నటి నుంచి అది ఆపేసింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఇది చదవగానే ముందు ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టించు. వేడి చేయడం ఏమీ ఉండదు. వైరస్ జ్వరాలప్పుడే ఉబ్బసం తిరగబెడుతుంది, సరిగ్గా అప్పుడే రోజూ వాడే మందు ఆపితే ఇంకేముంది.

కాంబిఫ్లామ్ వద్దు. అందులో ఐబుప్రొఫెన్ ఉంటుంది. ఉబ్బసం ఉన్న అందరికీ కాదు గానీ కొందరికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి పడవు, వేసుకున్న గంట రెండు గంటల్లో ఊపిరి బిగుసుకుపోతుంది. నాకు అదే జరిగింది. ఒకచోట జ్వరానికి సూది వేశారు, ఉబ్బసం ఉందని నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు, ఇంటికి చేరేసరికి నోట మాట రాలేదు, రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. తర్వాత చీటీ చూస్తే డైక్లోఫెనాక్. అందుకే చెబుతున్నా, ఏం మందో పేరు చెప్పకుండా సూది వేస్తానంటే ఎవరైనా సరే వేయించొద్దు. పైగా ఒకవేళ డెంగీ అయితే ఈ మందులతో రక్తస్రావం భయం కూడా ఉంది.

డోలో 650 చాలు, అందులో ఉండేది పారాసెటమాల్. ఆరు గంటల ఎడంతో ఒకటి, రోజుకి నాలుగు దాటకూడదు, లివర్ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసెటమాలే ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది.

నాలుగు రోజులైంది కాబట్టి ఇక ఇంట్లో చూసుకుంటూ కూర్చోవద్దు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), డెంగీ, మలేరియా పరీక్షలు రాస్తారు. దగ్గు, కఫం ఉంటే ఛాతీ ఎక్స్‌రే కూడా అడుగు.

ఇంకొకరు: అక్క చెప్పినవి అన్నీ నిజం. దోమల కోసం కాయిల్స్, సాంబ్రాణి పొగ మాత్రం పెట్టకండి, దోమతెర కట్టండి. ఆవిరిలో జండూబామ్ వేసి పట్టించడం కూడా వద్దు, ఆ ఘాటుకి మా నాన్నకి దగ్గు ఎక్కువైంది.

ప్రశ్న: థాంక్స్ అక్కా. ఇన్‌హేలర్ వాడింది. ఆక్సిజన్ 95 చూపిస్తోంది, కొంచెం పిల్లికూతలు ఉన్నాయి. రాత్రి ఆయాసం వస్తే?

జవాబు: సాల్బుటమాల్ ఇన్‌హేలర్, అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి వాడేది, మంచం పక్కనే పెట్టు, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఉంటే దాంతోనే ఇవ్వు. రెండు పఫ్‌లకి తగ్గి నాలుగు గంటలు కూడా గడవకముందే మళ్లీ కావాల్సి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సిజన్ 92కి పడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. బండి వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచు, నిమిషానికొక పఫ్ చొప్పున పది దాకా ఇవ్వొచ్చు.

ప్రశ్న: అక్కా, డెంగీ పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు. ఇవాళ జ్వరం లేదు, అడ్మిట్ అక్కర్లేదన్నారు.

జవాబు: జ్వరం లేదని ఊరుకోవద్దు తమ్ముడూ, డెంగీలో జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మరీ నీరసం, వీటిలో ఏది కనిపించినా తిరిగి తీసుకెళ్లు. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి ఇస్తూ ఉండు. రేపు మళ్లీ సీబీపీ చేయించి ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టు.