చూస్తుండగానే మబ్బు కమ్మేస్తే హెలికాప్టర్ పైలట్ ముందు ఏం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు, హెలికాప్టర్ ట్రైనింగ్‌లో ఉన్న విద్యార్థి)
అందరికీ నమస్కారం. సెలవులకు ఇంటికొచ్చాను. మొన్న తెల్లవారుజామున నాన్నతో తిరుమల వెళ్తుంటే ఘాట్ రోడ్డులో మంచు కమ్మేసింది. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే. నాన్న లైట్లు డిమ్ చేసి, స్పీడ్ తగ్గించి, రోడ్డు అంచున తెల్లగీత చూసుకుంటూ ఎక్కించారు. నాకు మాత్రం చేతులు చల్లబడ్డాయి. గాలిలో గీత ఉండదు కదా! మాకింకా ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయట చూడకుండా మీటర్లను బట్టి నడపడం) మొదలుకాలేదు. బయట చూస్తూ నడుపుతుండగా ఒక్కసారిగా ఏమీ కనబడకపోతే ఎలా? చేయాల్సినవి వరుసగా బట్టీ పట్టాను గానీ టెన్షన్ పోవడం లేదు.

జవాబు (తిరుపతి, రిటైరైన హెలికాప్టర్ పైలట్)
నాయనా, మీ నాన్నగారు ముందు స్పీడ్ తగ్గించారు చూడు, నువ్వూ అక్కడే మొదలుపెట్టాలి. హెలికాప్టర్‌ను నెమ్మదిగా పోనివ్వచ్చు, వెనక్కి తిప్పచ్చు, ఖాళీ పొలం చూసుకుని దిగిపోవచ్చు. అయితే ఇవన్నీ మబ్బులోకి పోకముందు మాటలు. అమెరికాలో ఎయిర్ అంబులెన్స్ పైలట్లు ఒక హద్దు పెట్టుకున్నారు: బయట సరిగా కనబడక మామూలు వేగం కంటే 30 నాట్లు (గంటకు సుమారు 55 కిలోమీటర్లు) తగ్గించాల్సి వచ్చిందంటే ఇక ముందుకు పోరు. వెనక్కి తిరుగుతారు, లేదంటే దిగిపోతారు. మబ్బు కింద నుంచి దాటేద్దామని కాస్త కాస్త కిందికి దిగడం కూడా అలాంటి హెచ్చరికే.

ఇక లోపలికి పోయావే అనుకో. అప్పుడు నీ ఒంటి మాట నమ్మకు. ఒప్పులకుప్ప తిరిగి ఆగితే లోకం ఎదురు తిరిగినట్టు ఉంటుంది కదా, చెవి లోపలి మూడు గొట్టాల్లోని ద్రవం చేసే పని అది. ఒకే తీరుగా పది ఇరవై సెకన్లు మలుపు తిరిగితే ఆ ద్రవం సర్దుకుంటుంది, తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. అప్పుడు నిజంగా తిన్నగా చేస్తే రెండోవైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

నాకూ జరిగింది. ఒక లోయలో మబ్బు మింగేసింది. కుడివైపు ఒరిగిపోతున్నామని నా ఒళ్లు ఘోషిస్తోంది, హెలికాప్టర్ ఒరిగిందో సమంగా ఉందో చూపే మీటర్, అదే యాటిట్యూడ్ ఇండికేటర్‌లో గీత మాత్రం సమంగా ఉంది. నా చెయ్యి సైక్లిక్‌ను (హెలికాప్టర్‌ను పక్కలకు, ముందువెనకలకు వంచే కర్రను) ఎడమకు నెట్టబోయింది. పక్క సీట్లో సీనియర్ ఏమీ అనకుండా ఆ గాజు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. నా మెడ కుడికి వాలి ఉందని అప్పుడు తెలిసింది.

కాబట్టి ముందు ఆ గీతను సమం చేయి. ఎదురుగా కొండ లేదని తెలిస్తే పోతున్న దిక్కులోనే ఉండు. పవర్ పెంచి ఎక్కు. వేగం 60, 70 నాట్ల దగ్గర నిలుపు, నీ హెలికాప్టర్‌కు సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో చూసుకో. రేడియో ఆ తర్వాతే. తిరగాల్సి వస్తే సెకనుకు 3 డిగ్రీలకు మించకు. వెనక్కి తిరగడానికి నిమిషం పడుతుంది, పట్టనీ. గాలిలో ఒకే చోట నిలిపేద్దామని, అంటే హోవర్‌కు తెద్దామని మాత్రం చూడకు. నేల కనబడకుండా హోవర్ నిలవదు, అంత తక్కువ వేగంలో ఎయిర్‌స్పీడ్ మీటర్ కూడా సరిగా చూపదు.

వ్యాఖ్య (మదనపల్లె)
సార్, 2021 డిసెంబర్ 8న తమిళనాడులోని కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్ గారితో పాటు మా పక్క మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. అదీ ఇలాగేనా? వాళ్లకు ట్రైనింగ్ తక్కువని అనలేం కదా. 2009లో చిత్తూరు జిల్లాకే వస్తూ కూలిన వైఎస్ రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ సంగతి?

జవాబు (తిరుపతి, రిటైరైన పైలట్)
సాయితేజ పేరు వింటే ఇప్పటికీ మనసు పట్టేస్తుంది. లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్లిందని, పైలట్‌కు దిక్కు తెలియకుండా పోయిందని త్రివిధ దళాల విచారణలో తేలింది. యంత్రం చెడిపోలేదు, నిర్లక్ష్యమూ లేదన్నారు. ఎంత అనుభవం ఉన్నా చెవి లోపలి ద్రవం అదే కదా.

2009 సెప్టెంబర్ 2 నాటి ప్రమాదాన్ని దీనితో కలపకూడదు. అక్కడా వాతావరణం బాగాలేదు. కానీ గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరికకు ఏం చేయాలో మాన్యువల్‌లో వెతకడంలోనే పైలట్ల ధ్యాస ఉండిపోయిందని, ఆ తర్వాత బలంగా కిందికి తోసే గాలిలో అదుపు తప్పిందని విచారణలో చెప్పారు.

ప్రశ్న అడిగిన విద్యార్థి
ధన్యవాదాలు సార్. తిరిగి వెళ్లేలోపు ఇంట్లో ఏమైనా ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు (తిరుపతి, రిటైరైన పైలట్)
కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకో. నేను చెప్పిన వరుస నోటితో అంటూ చేతులు కదిలించు, రోజూ పదిసార్లు. రేణిగుంట ఎయిర్‌పోర్ట్ మెటార్ (పైలట్ల కోసం ఇచ్చే వాతావరణ రిపోర్టు) చూడటం అలవాటు చేసుకో. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రతకూ) తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే మంచు పట్టే వీలుంది. వెళ్లాక ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, బయట కనబడకుండా హుడ్ పెట్టుకుని నడపనివ్వమని అడుగు. ఇంతకీ నువ్వు నేర్చుకునే హెలికాప్టర్‌లో యాటిట్యూడ్ ఇండికేటర్ ఉందా?

ప్రశ్న అడిగిన విద్యార్థి
రెండు సీట్ల చిన్నది సార్. ఇప్పుడే ఫోన్‌లో ఉన్న ప్యానెల్ ఫోటో తెరిచి చూశాను. లేదు.

జవాబు (తిరుపతి, రిటైరైన పైలట్)
అయితే మబ్బు లోపల చేయాల్సినవని నేను రాసిన వరుస ఆ హెలికాప్టర్‌లో నీకు పనికిరాదు. సమం చేయడానికి గీతే లేదు. 30 నాట్ల మాట ఒక్కటే గుర్తుపెట్టుకో, హద్దు వస్తే పొలంలో దిగిపో. ఎవరైనా కసిరితే నా పేరు చెప్పు.