అరుదైన లివర్‌వర్ట్, అరుదైన గబ్బిలం: రెంటిలో ఏది ఎక్కువ డేంజర్‌లో ఉంది?

బాటనీ_ఫైనలియర్
అందరికీ నమస్తే. సెమినార్‌కి ఒక మొక్కని, ఒక జంతువుని తీసుకుని పోల్చమన్నారు. నేను పశ్చిమ హిమాలయాల్లో దొరికే సెవార్డియెల్లా ట్యూబరిఫెరా అనే లివర్‌వర్ట్ (నాచులాంటి, పూలు పూయని చిన్న మొక్క), కర్ణాటకలో దొరికే కోలారు లీఫ్‌నోస్డ్ గబ్బిలం (ముక్కు మీద ఆకులాంటి చర్మం ఉంటది) తీసుకున్నా. రెండూ అరుదే, ఒప్పుకుంటా, కానీ ఒకటి కదలదు ఇంకోటి ఎగురుద్ది, అసలు ఏ పాయింట్ మీద పోల్చాలో తెలీక రెండ్రోజులుగా కూర్చున్నా. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నాచు_మాస్టారు
మంచి జోడీ ఎంచుకున్నావమ్మా. లాహోర్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త శివరామ్ కశ్యప్ గారు 1915లో ఈ లివర్‌వర్ట్‌ని వర్ణించారు, ఆ ప్రజాతి మొత్తానికీ ఇదొక్కటే జాతి. వానాకాలంలో తడి మట్టిగట్టు మీద పచ్చగా పరుచుకుని ఉంటది, వానలు తగ్గాక థాలస్ (ఆకులా పరుచుకునే మొక్క శరీరం) కొస మట్టిలోకి దిగి చిన్న దుంపలా ఉబ్బుద్ది, పైదంతా ఎండిపోద్ది. మే నెలలో అదే గట్టు దగ్గరికెళ్తే ఉత్త మట్టే కనపడుద్ది, కానీ మొక్క చావలేదు, లోపలుంది. అందుకే దీన్ని లెక్కపెట్టడం కష్టం. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు, నీ పోలిక ఇక్కణ్ణించే మొదలెట్టు.

కోలారు_తెలుగు
మాది కోలారు జిల్లానే, ఇంట్లో తెలుగే. ఆ గబ్బిలాన్ని కొత్త జాతిగా 1994లో వర్ణించినారు. ఇప్పుడు మిగిలింది హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక గుహలో, 200 కూడా లేవంటారు. తెరహళ్లి గుట్టలో కూడా ఉండేవి, తర్వాత సర్వేకి పోయినోళ్లకి అక్కడ దొరకలేదు. ఇక్కడ గ్రానైట్ క్వారీలే పెద్ద దెబ్బ, బండ పగలగొడితే గుహే పోతాది, ఇంక అవి యాడికి పోవాల? పిడికిట్లో పట్టేంత ప్రాణి అక్కా, రాత్రంతా పురుగులు తినేది, మనకేం చెడుపు చేసింది. 2016లో ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ సంస్థ) వాళ్లు దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో పెట్టినారు.

నాచు_మాస్టారు
ఇంకోటి కూడా చేర్చమ్మా. ఇలాంటి గబ్బిలాలు మామూలుగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి, ఒక సీజన్ చెడితే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుద్ది. లివర్‌వర్ట్‌కి దుంపలున్నాయి, స్పోర్‌లున్నాయి (విత్తనాల్లా పనిచేసే సన్నటి కణాలు), ఒక చెడ్డ ఏడాదిని నేలలో దాక్కుని దాటెయ్యగలదు. కానీ రోడ్డు వెడల్పు చేస్తూ ఆ గట్టునే చెక్కేస్తే దుంప కూడా పోద్ది. నన్నడిగితే గబ్బిలమే ఎక్కువ డేంజర్‌లో ఉంది, దానికి ఇంకో గుహ లేదు.

బాటనీ_ఫైనలియర్
చాలా థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ అన్నా. ఇప్పుడు దారి దొరికింది, రెంటికీ దాక్కునే చోటు ఏంటి, అది పోతే ఏమవుద్ది అనే దాని మీదే చెప్తా. ఫస్ట్ స్లైడ్‌లో ఉత్త మట్టిగట్టు పెడతా, మొక్క ఎక్కడుందో క్లాసునే అడుగుతా.