మంచం దగ్గరే ట్రెకియాస్టమీ: నోట్లోని 7 నంబరు ట్యూబు మార్చాలా?

పర్లాకిమిడి మత్తు డాక్టరు:
మాది చిన్న ఐసీయూ. పురుగుమందు తాగిన రైతు 12 రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఎల్లుండి మంచం దగ్గరే మెడకు రంధ్రం చేసి ఊపిరి ట్యూబు పెట్టాలి (ట్రెకియాస్టమీ). నోట్లో ఉన్నది 7 నంబరు ట్యూబు (లోపలి వెడల్పు 7 మిల్లీమీటర్లు), దానిలోంచి దించి గాలిగొట్టం లోపల చూసే మా బ్రాంకోస్కోప్ మందం 5 మిల్లీమీటర్లు. కిందటి నెల ఇదే జోడీతో వేరే రోగికి చేశాం. స్కోప్ దించగానే వెంటిలేటర్ కూతలు మొదలుపెట్టింది, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 82 శాతానికి పడింది, దానికి తోడు మెడలో గుచ్చిన సూది వెళ్లి ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగను, అదే కఫ్‌ను పొడిచింది. ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుంటే కూడా నా చెయ్యి వణికింది. ఈసారి ముందే 8 వేద్దామంటే గొంతు వాచి ఉంది. రోగి భార్యకు సవర తప్ప రాదు. ఆయాచేత అంతా చెప్పిస్తే ఆమె ఒక్కటే అడిగింది: మాట వస్తుందా అని.

బరంపురం నుంచి, ఇదే పనిలో ముసలివాణ్ణి:
లెక్క వేయండి డాక్టరుగారూ. 7లో 5 దూర్చితే గాలికి మిగిలేది సగం దారి. 8లో అయితే 60 శాతం. ఆ పది శాతం కోసం వాచిన గొంతులో ట్యూబు మార్చే సాహసం నేను చేయను. 3.8 మిల్లీమీటర్ల స్కోప్ దొరికితే అదే 7లో 70 శాతం మిగులుతుంది. దొరకకపోతే సూది, తీగ, రంధ్రం వెడల్పు చేసే డైలేటర్ వెళ్లేటప్పుడు మాత్రమే చూసి, వెంటనే పైకి తీసేయండి. ఆక్సిజన్ ముందునుంచీ 100 శాతం ఉండాలి.

ఆ కూతలంటారా, ఒత్తిడి హద్దు దాటగానే యంత్రం శ్వాసను మధ్యలోనే తెంచేస్తుంది. కాసేపు హద్దు పెంచండి. అప్పుడు కనిపించే ఒత్తిడిలో ఎక్కువ భాగం ఇరుకు ట్యూబుదే. అయితే బయటికి వచ్చే గాలిదీ అదే దారి. శ్వాసల సంఖ్య తగ్గించకపోతే గాలి లోపలే పేరుకుని రక్తపోటు పడిపోతుంది.

జయపురం ఐసీయూ నర్సు:
సార్, సూది కఫ్‌కు తగలకూడదంటే, కఫ్ గాలి తీసి, గొంతులోకి చూసే లారింగోస్కోప్‌తో చూస్తూ, కఫ్ స్వరతంత్రుల దగ్గరికి వచ్చేదాకా ట్యూబు వెనక్కి లాగి మళ్లీ గాలి నింపాలి. అది పట్టుకున్న మనిషికి ఇంకే పనీ చెప్పకండి. మా దగ్గర ఒకసారి అతణ్ణే మందు ఎక్కించమన్నారు, ట్యూబు ఊడి వచ్చింది! ట్యూబు ఊడితే గొంతు పైభాగంలో అమర్చే లారింజియల్ మాస్క్, ఒక సైజు చిన్న ట్యూబు చేతికందేలా పెట్టుకోండి. మెడ ట్యూబులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద కనిపించేదాకా నోటి ట్యూబు తీయనివ్వకండి.

పర్లాకిమిడి మత్తు డాక్టరు:
ఇవాళ అయింది. 7నే ఉంచాం, స్కోప్ మూడుసార్లు దించి తీశాం, సాచురేషన్ 94 కంటే దిగలేదు. సొంతంగా ఊపిరి తీసుకున్నాక, కఫ్ గాలి దించి మెడ ట్యూబుకు మాట్లాడే వాల్వు పెడితే మాట వచ్చే వీలుందని ఆయాచేత చెప్పించాను. ఎన్నాళ్లకని అడిగింది ఆమె.