సూప్ చిక్కబడడానికి కార్న్‌ఫ్లోర్ వేయొచ్చా, వేయకూడదా?

కొత్తగరిటె: రాత్రుళ్లు రోజూ ఒకేలాంటి వంట తిని విసుగొచ్చి వారానికి మూడు రకాల సూపులు మొదలుపెట్టా, టమాటా, క్యారెట్, పుట్టగొడుగులు. రుచి బానే ఉంది కానీ అన్నీ నీళ్లలా వస్తున్నాయి. కార్న్‌ఫ్లోర్ వేయమని ఒకరు, వేస్తే అది సూపే కాదని ఇంకొకరు. ఏం చేయమంటారు?

నిదానమ్మ: వేయకండి. ఉల్లిపాయ సన్నసెగ మీద మగ్గించి, ఒక బంగాళాదుంప చిన్న ముక్కలు కోసి కూరగాయలతోపాటే ఉడికించి మిక్సీ పట్టండి, దుంపలో ఉన్న పిండే సూప్‌ని చిక్కగా చేస్తుంది. క్యారెట్‌కైతే గుప్పెడు పప్పు చాలు. కార్న్‌ఫ్లోర్‌కి సొంత రుచి లేదు, ఎక్కువైతే ఉన్న రుచిని కప్పేస్తుంది, పైగా మళ్లీ వేడిచేస్తే పలచబడిపోతుంది.

ఏడున్నరబస్సు: పలచబడదండీ. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా గట్టిపడుతుంది, నేను వారంలో నాలుగు రోజులు చూస్తున్నా. నాలుగు కప్పులకి రెండు పెద్ద చెంచాలు, ముందు చల్లనీళ్లలో కలుపుకుని, మరిగే సూప్‌లో తిప్పుతూ పోసి, ఒకట్రెండు నిమిషాలు ఉడకనిచ్చి దించేయాలి. పొడి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, ఉడకకపోతే పచ్చివాసన వస్తుంది, అంతే.

ఆవిరిమూత: దుంప వేసి మిక్సీ ఎక్కువసేపు తిప్పితే జిగురొస్తుంది. వేడివేడిది జార్‌లో సగానికి మించి పోయకండి, ఆవిరికి మూత లేచి నా మణికట్టు కాలింది.

నిదానమ్మ: నేనన్నది ఫ్రిజ్ సంగతి కాదు, మళ్లీ మరిగించడం సంగతి. టమాటా పులుపుకి తోడు చాలాసేపు మరిగితే కార్న్‌ఫ్లోర్ పట్టు వదిలేస్తుంది. చదివి రాయండి.

ఏడున్నరబస్సు: చదివే రాశా. తినేది వేడిచేసుకుంటాం, ఇంకోసారి వండుకోం కదా! మీరు చెప్పినట్టు ఉల్లిపాయ మగ్గించి, దుంప ఉడికించి, చల్లార్చి, మిక్సీ పట్టి, మళ్లీ వేడిచేసి, జార్ కడిగేసరికి గంట. ఏడున్నరకి బస్సు దిగేదాన్ని, ఎనిమిదిన్నరకి పిల్లలకి పెట్టాలి. ఒకసారి చుట్టాలందరి ముందు మా అత్తగారు నా సూప్‌ని పొడి కలిపిన నీళ్లన్నారు. మీ పోస్టు చదువుతుంటే అదే మాట మళ్లీ విన్నట్టుంది.

పల్లెంలోది: ఓట్స్ పొడి కూడా వేయొచ్చు కదా.

నిదానమ్మ: నేను తీరిగ్గా కూర్చున్నదాన్నని మీకెవరు చెప్పారు? ఇరవై రెండేళ్లు పొద్దున డ్యూటీ చేసి సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడ్డా. కూరగాయల తొక్కలూ కాడలూ ముప్పావుగంట ఉడికించి ఆ నీళ్లతో సూప్ చేసి పెడితే మా ఆయన ఒకరోజు తాగుతూ, ప్యాకెట్‌లోది కూడా ఇలాగే ఉంటుంది కదా, ఎందుకంత శ్రమ అన్నారు. రెండూ ఒకటేనని ఎవరన్నా నాకు అదే గుర్తొస్తుంది.

ఏడున్నరబస్సు: అంటే మీ కోపం ఆ మాట మీద, కార్న్‌ఫ్లోర్ మీద కాదు. రెండూ ఒకటేనని నేననలేదు. మీ సూప్ రుచి ఎక్కువే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ త్వరగా చేసినంత మాత్రాన నేను పిల్లల్ని పట్టించుకోనట్టా? అది మాత్రం ఒప్పుకోను.

నిదానమ్మ: ఆ మాట నేననలేదు, అలా వినిపించి ఉంటే తప్పు నాదే. కానీ టమాటాలో కార్న్‌ఫ్లోర్ వద్దనే అంటా. దుంపలు ఆదివారం ఉడికించి మెదిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండుమూడు రోజులు వాడుకోవచ్చు, వేడి సూప్‌లో గరిటెడు వేసి కవ్వంతో కలిపితే చాలు, మిక్సీ అక్కర్లేదు.

ఏడున్నరబస్సు: ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు కదండీ. ఆదివారం చేసి చూస్తా.

కొత్తగరిటె: నిన్న క్యారెట్‌లో పప్పు వేశా, బాగా చిక్కగా వచ్చింది. పుట్టగొడుగులకి కార్న్‌ఫ్లోరే వేశా, మిక్సీ పడితే ముక్కలు తగలవని. అన్నట్టు, పుదీనా నిమ్మరసం చేస్తే చేదొస్తోంది, ఎందుకంటారు?

నిదానమ్మ: ఆకు మిక్సీ వేస్తున్నారా? వేయకండి. చేత్తో కొద్దిగా నలిపి నీళ్లలో వేసి పది నిమిషాలుంచి తీసేయండి.

ఏడున్నరబస్సు: నిమ్మకాయ కూడా గట్టిగా పిండకండి, గింజలు నలిగినా చేదే.