73-9 సీజన్‌ని ఇంకా ‘అన్నిటికంటే గొప్ప సీజన్’ అంటారా?

ఓరాకిల్_పైవరస:
నిన్న ఇంకో చర్చలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 1995-96 షికాగో బుల్స్ గురించి మాట్లాడుతుంటే నేను 2015-16 గోల్డెన్ స్టేట్ వారియర్స్ పేరెత్తాను. అంతే, నలుగురు మీద పడ్డారు, కప్పు లేనిది కూడా ఒక సీజనేనా అని. అక్కడ గోల ఎందుకని ఇక్కడ పెడుతున్నా. చూడని వాళ్ల కోసం చెప్తా: 82 మ్యాచుల్లో 73 గెలిచారు, 9 ఓడారు. బుల్స్ 72-10 రికార్డు ఇరవయ్యేళ్లకి పోయింది. మొదటి 24 మ్యాచులూ వరసగా గెలిచారు, అది కూడా కోచ్ స్టీవ్ కెర్ వెన్ను ఆపరేషన్ నుంచి కోలుకుంటూ సెలవులో ఉంటే అసిస్టెంట్ ల్యూక్ వాల్టన్ నడిపించాడు. రెగ్యులర్ సీజన్ మొత్తంలో వరసగా రెండు మ్యాచులు ఓడలేదు, ఒకే జట్టు చేతిలో రెండుసార్లు ఓడలేదు. మా స్టార్ స్టెఫెన్ కర్రీ 402 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు, అంతకు ముందు రికార్డు 286, అదీ వాడిదే. వాడికి ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) ఇచ్చిన ఓట్లలో మొదటి స్థానం ఓటు ఒక్కటి కూడా ఇంకొకరికి పోలేదు, ఎన్‌బీఏలో అలా జరగడం అదే మొదలు. ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ మీద 3-1తో ముందుండి 4-3తో ఓడారు, ఆ సంగతి నాకూ తెలుసు, గుర్తు చేయక్కర్లేదు. ఆ ఒక్క వారం మిగతా ఎనిమిది నెలల్నీ తుడిచేస్తుందా?

క్లీవ్‌లాండ్_కాకా:
తుడిచేస్తుంది. తర్వాతి ప్రశ్న?

నిద్రలేదు:
కాకా వచ్చేశాడు, ఇక ఈరోజుకి ఇది తెగదు.

విజిల్_మామ:
అసలు విషయం వదిలేసి గొప్ప సీజనా కాదా అంటారేంటి? ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్‌ని కూర్చోబెట్టకపోతే ఈ చర్చే ఉండేది కాదు. నాలుగో మ్యాచ్ చివర్లో కింద పడ్డ గ్రీన్ మీద నుంచి క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ దాటుకుంటూ వెళ్లాడు, గ్రీన్ లేస్తూ చెయ్యి విసిరాడు. మ్యాచ్ జరుగుతున్నప్పుడు రిఫరీలకి అది ఫ్లాగ్రెంట్ (మొరటు ఫౌల్) అనిపించలేదు. రెండు రోజుల తర్వాత వీడియో చూసి ఫ్లాగ్రెంట్ 1 చేశారు, దాంతో ప్లేఆఫ్స్‌లో (లీగ్ మ్యాచుల తర్వాత నాకౌట్ దశలో) వాడి లెక్క 4 ఫౌల్ పాయింట్లకి చేరింది, ఒక మ్యాచ్ నిషేధం. రెచ్చగొట్టినవాడు కోర్టులో ఉన్నాడు, రెచ్చిపోయినవాడు పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియంలో కూర్చుని టీవీలో చూశాడు. ఇది న్యాయమా?

పెన్ను_పేపరు:
మామగారూ, ఆ 4 పాయింట్లు ఒక్క రాత్రిలో రాలేదు కదా. హ్యూస్టన్ సిరీస్‌లో బీస్లీని కింద పడేసినందుకు 1, ఓక్లహోమా సిటీ సిరీస్‌లో స్టీవెన్ ఆడమ్స్‌ని తన్నినందుకు 2, ఇది 1. నిజానికి ఆడమ్స్‌ని తన్నిన రోజే ఆపేయొచ్చు, 25,000 డాలర్ల జరిమానాతో వదిలేశారు. అప్పుడు ఆపి ఉంటే వారియర్స్ అసలు ఫైనల్స్‌కే వచ్చేవాళ్లు కాదేమో. అదృష్టం కలిసొచ్చినప్పుడు కూడా లెక్కలో రాయండి.

విజిల్_మామ:
తన్నడం వేరు, చెయ్యి విసరడం వేరు. నేను మాట్లాడేది అయిదో మ్యాచ్ గురించి.

క్లీవ్‌లాండ్_కాకా:
సరే, మామ కోసం అయిదో మ్యాచ్ మీకే ఇచ్చేద్దాం. ఆరు, ఏడుల్లో గ్రీన్ ఉన్నాడుగా? ఏడో మ్యాచ్‌లో 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు, మీ జట్టులో ఆ రోజు ఆడింది వాడొక్కడే. మీ ఓరాకిల్ స్టేడియంలో, మీ సొంత జనం మధ్య, 89-89 దగ్గర ఆగిపోయి చివరి నాలుగున్నర నిమిషాల్లో ఒక్క పాయింటు చేయలేదు మీ చరిత్రాత్మక జట్టు. లెబ్రాన్ వెనక నుంచి ఉరికొచ్చి మీ ఇగుడాలా షాట్‌ని బోర్డుకేసి కొట్టాడు, మా కైరీ ఇర్వింగ్ కర్రీ మొహం మీదే త్రీ వేశాడు, 93-89. 402 త్రీల మహానుభావుడు ఆ రోజు 19 షాట్లకి 6. అంతకు ముందు ఫైనల్స్‌లో 3-1తో వెనకబడ్డ జట్లు 32, ఒక్కటీ తిరిగి గెలవలేదు. ఇప్పుడు చెప్పండి, ఆ ఏడాది చరిత్ర ఎవరు రాశారు?

ఓరాకిల్_పైవరస:
కాకా, మీరు రాశారని నేను కాదన్నానా? మీది గొప్ప సిరీస్. నేను అడిగింది గొప్ప సీజన్ గురించి. మీ 57-25 జట్టు సీజన్ మధ్యలో కోచ్‌ని తీసేసింది, 30-11తో ఉన్న డేవిడ్ బ్లాట్‌ని. ఎందుకు తీశారో గుర్తుందా? జనవరిలో మా వాళ్లు మీ ఊరొచ్చి 132-98తో ఉతికి ఆరేసి వెళ్లిన వారంలోనే.

క్లీవ్‌లాండ్_కాకా:
గుర్తుంది. అందుకే గెలిచాం. రోగం జనవరిలో తెలిసింది, మందు వేసుకున్నాం. మీకు రోగం ఉందనే తెలీలేదు.

నిద్రలేదు:
ఇది మాత్రం గట్టిగా తగిలింది.

జంప్‌బాల్:
నా అనుమానం వేరే. 73 కోసం పరిగెత్తకుండా మార్చి, ఏప్రిల్‌లో వాళ్లకి విశ్రాంతి ఇచ్చి ఉంటే? కెర్ ఆ నిర్ణయం ఆటగాళ్లకే వదిలేశాడు, వాళ్లు రికార్డే కావాలన్నారు. కర్రీ 79, క్లే థాంప్సన్ 80, గ్రీన్ 81 మ్యాచులు ఆడారు. జూన్‌కి కాళ్లలో ఏం మిగులుతుంది.

పెన్ను_పేపరు:
ఇది అందరూ అనే మాటే కానీ నాకు సగమే నమ్మకం. కర్రీ మోకాలు అలిసిపోయి పోలేదు, హ్యూస్టన్‌లో నేల మీద తడి ఉంటే జారి బెణికింది. వాళ్ల సెంటర్ బోగట్ ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో దెబ్బ తగిలి పడ్డాడు, ఆ తర్వాత ఆడలేదు. హారిసన్ బార్న్స్ అసలు సీజన్‌లో 66 మ్యాచులే ఆడాడు, అంటే విశ్రాంతి దొరికినవాడే, వాడే చివరి మూడు మ్యాచుల్లో 32 షాట్లకి 5 వేశాడు. ఇంకొకటి చూడండి, ఫైనల్స్ మొదటి ఆరు మ్యాచుల స్కోర్లు కూడితే రెండు జట్లకీ సరిగ్గా 610. పెన్ను పట్టుకుని రెండుసార్లు కూడాను, నమ్మబుద్ధి కాక. అంత సమానంగా ఉన్న రెండు జట్ల మధ్య ఒక షాట్ అటు పడితే గొప్ప సీజన్, ఇటు పడితే చెత్త సీజన్ అనడం నాకు లెక్కగా తోచడం లేదు.

విజిల్_మామ:
610లో అయిదో మ్యాచ్ తీసేసి కూడండి.

పెన్ను_పేపరు:
కూడాను. వారియర్స్ 513, క్లీవ్‌లాండ్ 498. ఇప్పుడు సంతోషమా.

విజిల్_మామ:
చాలా.

క్లీవ్‌లాండ్_కాకా:
ఈ “ఒక్క షాట్” కబుర్లు బయట ఎక్కడా చెల్లవు. నా సంగతి చెప్తాను వినండి. నేను ఒక పెద్ద ప్రాజెక్టు పదకొండు నెలలు నా భుజాల మీద మోశాను. రాత్రిళ్లు, శనాదివారాలు, అంతా. రిలీజ్ రోజు సిస్టమ్ నాలుగు గంటలు పడిపోయింది. ఏడాది చివర రివ్యూలో మా మేనేజర్ ఆ నాలుగు గంటల గురించే మాట్లాడాడు. పదకొండు నెలల గురించి ఒక్క ముక్క లేదు. ప్రమోషన్ పక్కవాడికి పోయింది. లోకం ఇలాగే ఉంటుంది, కోట్లు తీసుకునే ఆటగాళ్లకి వేరే రూలు ఎందుకు ఉండాలి?

ఓరాకిల్_పైవరస:
మీ మేనేజర్ చేసింది తప్పా ఒప్పా?

క్లీవ్‌లాండ్_కాకా:
తప్పే. అందులో అనుమానం ఏముంది, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఓరాకిల్_పైవరస:
మరి మీరు కర్రీకి చేస్తున్నదేంటి?

నిద్రలేదు:
అయ్యబాబోయ్.

క్లీవ్‌లాండ్_కాకా:
మాటల గారడీ చేయొద్దు. నేను ఉద్యోగంలో ట్రోఫీ కోసం దిగలేదు. వాళ్లు దిగారు. రికార్డు ఒక్కటే చాలనుకుంటే ఏప్రిల్ 13నే మెంఫిస్ మీద 73వ మ్యాచ్ గెలిచాక ఇంటికి పోవాల్సింది. పాపం ఆ రాత్రి కూడా సగం దేశం కోబీ బ్రయంట్ కెరీర్‌లో చివరి మ్యాచే చూసింది, 60 కొట్టాడు.

ఓరాకిల్_పైవరస:
ఆ రాత్రి నేను ఓరాకిల్‌లోనే ఉన్నా, పైనుంచి రెండో వరస, సీటు పేరులోనే ఉంది నాకు. కర్రీ 46 కొట్టాడు, పది త్రీలు, నాలుగు వందలు దాటాడు. పక్కన ముక్కూమొహం తెలీని పెద్దాయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు, జట్టు ఏటేటా అడుగునే ఉన్న కాలం నుంచి టికెట్లు కొంటున్నాట్ట. ఆయనకి నువ్వు వెళ్లి చెప్పు ఆ రాత్రి లెక్కలోకి రాదని. ఫిబ్రవరిలో ఓక్లహోమాలో ఓవర్‌టైమ్ చివర సగం కోర్టుకి ఇవతల నుంచి తాపీగా వేశాడే, 121-118, అది లెక్కలోకి రాదని చెప్పు. కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో (అంటే సెమీస్‌లో) ఓక్లహోమా మీద మేమూ 1-3తో వెనకబడి, ఆరో మ్యాచ్‌లో క్లే 11 త్రీలు కొట్టి బతికించాడు, అదీ లెక్కలోకి రాదా? ఏడాదంతా నా డెస్క్ మీద ఎవరో ఒకరు “3-1” అని కాగితం అంటించేవాళ్లు, నవ్వి చింపేసేవాణ్ణి. సరదా ఎక్కడో ఒకచోట ఆగాలి. నువ్వు ఆపవు.

క్లీవ్‌లాండ్_కాకా:
ఓహో, “మీరు” పోయి “నువ్వు” వచ్చిందా. సరే అయితే నేనూ సూటిగానే అంటా. ఆ సీజన్ చెత్త అన్నది నేను కాదు బాబూ, మీ వాళ్లే. జూన్ 19న ఓడారు, జూలై 4న ఓక్లహోమా స్టార్ కెవిన్ డ్యురాంట్ మీ దగ్గరికి వస్తున్నానని చెప్పాడు. పదిహేను రోజులు! 73 గెలిచిన జట్టుని చూసి మీ యాజమాన్యం ఏమనుకుంది? సరిపోదు అనుకుంది. బార్న్స్‌ని పోనిచ్చారు, బోగట్‌ని డల్లాస్‌కి పంపేశారు, ఎజీలీ, బార్బోసా, స్పైట్స్ అంతా చెల్లాచెదురు. వాళ్లే నమ్మని సీజన్‌ని నన్ను నమ్మమంటావేం?

జంప్‌బాల్:
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

ఓరాకిల్_పైవరస:
ఇది చదివి గంట సేపు ఏమీ రాయలేదు.

నువ్వన్నది నిజం కాకా. ఓడినందుకు కాదు నా బాధ. కైరీ షాట్‌ని ఇప్పుడు నిబ్బరంగానే చూడగలను. కర్రీని 2009లో తీసుకున్నారు, క్లేని 2011లో, బార్న్స్‌నీ గ్రీన్‌నీ 2012లో. గ్రీన్ అయితే రెండో రౌండ్‌లో 35వ వాడు, ఎవరికీ అక్కర్లేనివాడు. వాళ్లు మా కళ్లముందు పెరిగారు. 73 అంటే నాకు ఆ పెరగడం. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాం, వీళ్లు ఒడ్డు నాలుగు అడుగులుందనగా మునిగి, తప్పంతా తెప్పదే అన్నారు. మర్నాటి ఏడాది 67-15, ప్లేఆఫ్స్‌లో 16-1, మీ వాళ్లనే 4-1తో కొట్టి కప్పు తెచ్చారు. చప్పట్లు కొట్టాను. ఒక్కసారి కూడా గుండె కొట్టుకోలేదు. కొనుక్కొచ్చిన టపాకాయ లాగా అనిపించింది, పేలుతుందని ముందే తెలుసు.

పెన్ను_పేపరు:
ఇది చాలామంది మనసులో ఉన్నదే, కానీ డ్యురాంట్ రాక ఒక్క ఓటమి వల్లే అనుకోవద్దు. కొత్త టీవీ ఒప్పందం డబ్బుతో ఆ వేసవిలో ఒక్కో జట్టు జీతాల పరిమితి 7 కోట్ల డాలర్ల నుంచి ఒకేసారి 9.4 కోట్లకి ఎగిరింది. ఆ ఏడాది తప్ప మరెప్పుడూ అలాంటి జట్టు జీతాల లెక్కలో వాడు ఇమిడేవాడు కాదు. గెలిచి ఉంటే వచ్చేవాడా? నాకైతే అనుమానమే. కానీ తలుపు తీసి ఉంచింది మాత్రం ఓటమి కాదు, డబ్బు.

క్లీవ్‌లాండ్_కాకా:
పైవరసా, నీ చివరి మాట చదివాక కోపం తగ్గింది కానీ నా మాట మారలేదు. నేను క్లీవ్‌లాండ్‌లో చదువుకున్నాను. 1964 తర్వాత 52 ఏళ్లు ఆ ఊరికి పెద్ద ఆటల్లో ఒక్క టైటిల్ లేదు. అక్కడ నాకు అద్దెకిచ్చిన ముసలాయన “బాగా ఆడాం” అన్న మాట జీవితమంతా విని విసిగిపోయినవాడు. 2015లో మా కెవిన్ లవ్ భుజం పోయి, కైరీ మోకాలు ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లోనే విరిగి, 4-2తో మీకు ఓడినప్పుడు కూడా అందరూ అదే అన్నారు, బాగా ఆడారు అని. ఆయనకి బాగా ఆడటం వద్దు. నీకు ఆ జట్టు పెరగడం కావాలి, ఆయనకి ఒక్కసారి అది అయిపోవడం కావాలి. ఇవి రెండూ ఒకే తక్కెడలో ఎలా తూచాలో నాకు తెలీదు.

బుల్స్ మాత్రం రెండూ ఇచ్చారు. 72, కప్పు. కెర్ ఆ జట్టులో ఆటగాడిగా ఉన్నాడు, వీలైతే ఆయన్నే అడుగు ఏది గొప్పదో.

ఓరాకిల్_పైవరస:
కెర్‌ని అడిగితే నేనే ఓడిపోతా, అది నాకూ తెలుసు. అయినా 73 నాదే.

ఆ ముసలాయన ఆ రాత్రి చూశాడా?

క్లీవ్‌లాండ్_కాకా:
చూశాడు. ఫోన్ చేశాడు. ఏం మాట్లాడలేదు, అలా పట్టుకునే ఉన్నాడు కాసేపు.

విజిల్_మామ:
అంతా బాగానే ఉంది. కానీ లెబ్రాన్ వాడి మీద నుంచి దాటుకుంటూ వెళ్లినదానికి ఏ ఫౌల్ ఇవ్వాలో ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.

నిద్రలేదు:
మామా, దండం.