ఆరు నెలలుగా గొంతు బొంగురు: టీచర్లు, పద్యం పాడేవాళ్లు, ఎవరికైనా ఇలా అయిందా?

పలకాబలపం:
నమస్కారమండీ. ప్రకాశం జిల్లాలో ప్రైమరీ టీచర్‌ని, పదమూడేళ్ల సర్వీసు. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో, మొత్తం 52 మంది పిల్లలు, పైన రెండు ఫ్యాన్లు, కిటికీ పక్కనే రోడ్డు. జూలైలో జలుబు చేసింది. జలుబు పోయింది గానీ గొంతు తిరిగి రాలేదు. పొద్దున ప్రార్థన వేళకి బాగానే ఉంటుంది, మధ్యాహ్న భోజనం అయ్యేసరికి జీర, చివరి పీరియడ్‌కి గాలి తప్ప మాట రాదు. ఫోనెత్తితే అవతలివాళ్లు "చెప్పండి సార్" అంటున్నారు. మొదట చూపించుకున్న డాక్టరు గొంతులోకి చూడకుండానే గ్యాస్ మాత్రలు రాశారు, నాలుగు నెలలు వాడాను. మా ఆడపడుచు రోజూ మిరియాల పాలు కాచి ఇస్తోంది. మూడో తరగతి పిల్లలకి గేయం రాగం తీసి చెప్పలేకపోతున్నాను, అదే ఎక్కువ బాధ. ఎవరికైనా ఇలా అయిందా? ఏం చేశారు?

హార్మోనియం పెట్టె:
నాకు అయిందమ్మా. మాది తెనాలి పక్క ఊరు, పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కడతాను. మూడేళ్ల కింద సంక్రాంతికి వరసగా నాలుగు రాత్రులు ఆడాం. నాలుగో రాత్రి పద్యం చివర రాగం పైకి తీసుకెళ్తుంటే ఏదో తెగినట్టయి గొంతు ఆగిపోయింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నెల రోజులు కషాయాలతోనే గడిపాను. చివరికి కెమెరా పెట్టి చూస్తే కుడివైపు స్వరతంత్రి మీద, అంటే గొంతులో మాట పుట్టించే రెండు మడతల్లో ఒకదాని మీద, రక్తపు బుడిపె, పాలిప్ అన్నారు. మైక్రోస్కోప్ కింద ఆపరేషన్ చేసి తీశారు.

మౌనం సంగతి చెప్పాలి. మా నాటక సమాజంలో పెద్దలు నెల్లాళ్లు నోరు విప్పొద్దన్నారు. డాక్టరేమో మూడు రోజులు చాలు, నాలుగో రోజు నుంచి థెరపిస్టు చెప్పినట్టు మెల్లగా పలకాలి అన్నారు. జపాన్‌లో, క్యోటోలో, ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లని రెండు జట్లు చేసి ఒకరికి మూడు రోజులు, ఒకరికి ఏడు రోజులు మౌనం పెట్టారట. మూడు రోజులు ఉండి తర్వాత థెరపీ చేసినవాళ్ల గొంతే మెరుగ్గా కోలుకుందని 2017లో అచ్చయిందట. ఆ మూడు రోజులూ పలక మీద రాసి చూపించాను. రెండో రోజు మా ఆవిడతో గుసగుసగా మాట్లాడితే థెరపిస్టుకి కోపం వచ్చింది, గుసగుస మౌనం కాదని.

నాదతంత్రి:
నేను స్పీచ్ థెరపిస్టుని, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదువుకున్నాను. పెట్టె గారికి చెప్పింది సరైన మాట. 2006లో వంద మంది గొంతుల్లోకి గొట్టం వేసి గుసగుసలాడించి చూస్తే, 69 మందిలో తంత్రులకు పైనున్న భాగం మామూలు మాటకంటే ఎక్కువగా బిగుసుకుంది. కొందరికి తేడా లేదు, కొందరికి తగ్గింది. కాబట్టి విశ్రాంతి అంటే నోరు మూసుకోవడమే.

టీచర్ గారూ, చూడకుండా మీకేముందో నేను చెప్పకూడదు. అసలు మీ ఇబ్బందంతా చూడకపోవడంతోనే వచ్చింది. 1854లోనే మాన్యుయల్ గార్సియా అనే పాటల మాస్టారు, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దంతో, ఎండ వెలుతురు పట్టుకుని, తన తంత్రులు తానే చూసుకున్నారు. ఇవాళ ఈఎన్‌టీ దగ్గర ఐదు నిమిషాల పని అది. గొంతు బొంగురు నాలుగు వారాల్లో తగ్గకపోతే లోపల చూసి తీరాలని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో రాసింది. ఒక్క బొంగురు గొంతు మాత్రమే చూసి, తంత్రుల్ని చూడకుండా ఎసిడిటీ మందులు రాయొద్దని కూడా అందులోనే ఉంది. సిగరెట్, చుట్ట అలవాటున్నా, రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా, ఊపిరి ఆడకపోయినా ఆ నాలుగు వారాలు కూడా ఆగకండి.

తంత్రులంటే వీణ తీగల్లాంటివి అనుకుంటాం. అవి తీగలు కావు, మడతలు. అడుగున కండరం, దాని మీద మెత్తటి పొరలు, పైన పలచటి తోలు. 1974లో హిరానో అనే జపాన్ డాక్టరు ఈ పొరల అమరిక విడమరిచి చెప్పారు. పెరుగు గిన్నె కదిపితే మీగడ తరక దాని పాటికి అది అలలాడుతుంది చూడండి, పైపొర అలా కండరం మీద అలలాడాలి. ఒక్కో కదలికకీ మెదడు ఆజ్ఞ పంపుతుందని 1950ల్లో హుస్సోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వాదించారు. అది కాదని 1958లో వాన్ డెన్ బర్గ్ చూపించారు. కింది నుంచి వచ్చే గాలి మడతల్ని విడదీస్తుంది, వాటి సాగే గుణం, గాలి పీడనం తగ్గడం కలిసి మళ్లీ దగ్గరికి లాగుతాయి. ఆడవాళ్లలో ఇది సెకనుకు 200 సార్లు, ఆపైన. రోజు మొత్తంలో నికరంగా ఒక గంట నాదం పలికారనుకోండి, 220 చొప్పున 7,92,000 సార్లు ఆ రెండూ ఒకదానికొకటి తగులుతాయి. గట్టిగా అరిచేకొద్దీ తాకిడి పెరుగుతుంది. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టు, తాకిడి ఎక్కువగా పడే చోట రెండు వైపులా కాయలు కాస్తాయి, వాటినే నాడ్యూల్స్ అంటాం. వీటికి ముందు థెరపీ, కత్తి తర్వాతి మాట.

అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన ఒక సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చినవాళ్లు టీచర్లలో 57.7 శాతం, మిగతావాళ్లలో 28.8 శాతం. మీ ఉద్యోగంలో ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఇది, మీ ఒక్కరిదే కాదు.

కరీంనగర్ అమ్మ:
మేడం, మా పిలగాని ముచ్చట గూడ చెప్త, ఎవరికన్న పనికొస్తది. వానికి 17 ఏండ్లు, ఇంటర్. మీసాలొచ్చినయ్, ఎత్తు పెరిగిండు, గొంతు మాత్రం చిన్నప్పటిదే. కాలేజీల ఆడగొంతని ఎక్కిరిస్తే క్లాసుల అటెండెన్స్ గూడ చెయ్యెత్తి చెప్పెటోడు. చుట్టాలు హార్మోన్ సూదులు ఇప్పియ్యమన్నరు. హైదరాబాద్‌ల డాక్టర్ చూసి తంత్రులు మంచిగనె ఉన్నయ్, హార్మోన్లు గూడ మంచిగనె ఉన్నయ్, దీన్ని ప్యూబర్‌ఫోనియా అంటరు అన్నడు. థెరపీ మేడం వాని గొంతుముడి మీద వేలుతోని మెల్లగ వెనక్కి ఒత్తి "ఆ" అనమన్నది. మొగపిలగాని గొంతొచ్చింది! వాడు భయపడి ఆపిండు, ఎవలో మాట్లాడినట్టు. నేను బయట కూసున్న, నాకు ఏడుపాగలె. ఆరు సిట్టింగులల్ల ఆ గొంతు నిలబడ్డది. సూది లేదు, మందు లేదు.

నాదతంత్రి:
అమ్మా, ఇంత విడమరిచి రాసినందుకు దండాలు. ఇలాంటి పిల్లలు మా దగ్గరికి రావడానికే సిగ్గుపడి ఏళ్లు పోగొట్టుకుంటారు.

విశాఖ గాలి:
నాది ఇంకో దారి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మత్తు దిగి "నీళ్లు" అందామంటే గాలి మాత్రమే వచ్చింది. నీళ్లు తాగితే పొలమారేది. ఎడమ తంత్రి కదలడం లేదన్నారు. తంత్రిని కదిలించే నరం ఎడమవైపు విచిత్రంగా ఉంటుందట, మెడ దాటి ఛాతీలోకి దిగి గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి మళ్లీ పైకి వస్తుంది. అది దెబ్బతిన్నా కొన్నిసార్లు తనంతట తాను కోలుకుంటుందని ఏడాది ఆగమన్నారు. ఆ ఏడాది ఆటో పిలవాలన్నా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చేది. కోలుకోలేదు. అప్పుడు థైరోప్లాస్టీ చేశారు. దాన్ని కనిపెట్టింది ఇస్షికి అనే జపాన్ సర్జన్, 1974లో. మెడ మీద తిమ్మిరి మందు మాత్రమే ఇస్తారు, మనం మెలకువగా ఉండాలి, ఎందుకంటే లోపల చిన్న దిమ్మ పెట్టి అది కదలని తంత్రిని ఎంత తోస్తే గొంతు బాగుంటుందో మన మాట విని చూసుకుంటారు. ఒకటి నుంచి పది లెక్కపెట్టమన్నారు. నాలుగు దాకా గాలి. డాక్టరు ఏదో సర్దారు. "ఐదు" అన్నది నా గొంతుతో వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద ఉన్నానని మరిచిపోయి మళ్లీ "ఐదు, ఐదు" అంటూనే ఉన్నాను.

చుట్టకాల్చే నాన్న కొడుకు:
పైన చుట్ట సంగతి చూసి రాస్తున్నా. మా నాన్న గొంతు ఐదు నెలలు బొంగురుగా ఉంటే చలిగాలి అనుకున్నాం. తంత్రి మీద క్యాన్సర్. తంత్రి మీదే పుట్టడంతో గొంతు ముందే మారింది, అందుకే మొదటి దశలోనే దొరికిందన్నారు. ఆరు వారాలకు పైగా రేడియేషన్. ఇప్పుడు రెండేళ్లయింది, మాట్లాడుతున్నారు, చుట్ట మానేశారు.

హార్మోనియం పెట్టె:
నాదతంత్రి గారూ, కరక్కాయ, అతిమధురం బుగ్గన పెట్టుకుని తెల్లార్లూ పాడినవాళ్లం మేము. అవేమీ పనిచేయవంటారా?

నాదతంత్రి:
గొంతు పొడారకుండా హాయిగా ఉంటుంది, దగ్గు ఆగుతుంది, అది చిన్న మేలేం కాదు. అయితే మింగింది ఏదైనా అన్నవాహికలోకి వెళ్తుంది, తంత్రులు ఉన్నది గాలి దారిలో. మిరియాల పాలు నేరుగా వాటిని తాకవు. ఆవిరి తాకుతుంది. రోజంతా తాగే నీళ్లు ఒంటి ద్వారా అక్కడికి చేరతాయి.

పలకాబలపం:
రెండు నెలలు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఒంగోలులో చూపించుకున్నాను. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, స్ట్రోబ్ లైటుతో తంత్రుల కదలిక నిదానంగా కనబడేలా టీవీలో చూపించారు. తెల్లటి రెండు మడతలు, వాటి మీద ఎదురెదురుగా చిన్న గింజల్లా రెండు కాయలు. మూసుకున్నప్పుడు వాటికి ముందొక సందు, వెనకొక సందు, అక్కడి నుంచే గాలి పోతోంది. నా మాట ఎందుకు తేలిపోతోందో కళ్లారా చూశాక సగం భయం పోయింది.

థెరపీ ఏడు వారాలు అయింది. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వస్తుండగా "ఊ" అనడం, రోజుకి ఆరేడు సార్లు. గ్యాస్ మాత్రలు డాక్టరే ఆపించారు. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, చెవి మీదుగా వచ్చే మైకు కొన్నాను, 1,400 అయింది. గొంతు జాగ్రత్తలు చెప్పి వదిలేసిన టీచర్ల కంటే మైకు ఇచ్చిన టీచర్లు బాగా కోలుకున్నారని అమెరికాలో ఒక అధ్యయనం ఉందని థెరపిస్టు చెప్పారు, అందుకే ఎంఈఓ గారికి కూడా అర్జీ రాశాను, మండలంలో అందరికీ ఇప్పించమని. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఒకటి ఆపుతున్నాను. హోరులో మనకి తెలియకుండానే గొంతు పెంచేస్తామట. పిల్లల్ని పిలవడానికి చప్పట్లు, మూడు కొడితే నిశ్శబ్దం.

మొన్న సోమవారం మైకు ఛార్జింగ్ అయిపోయింది. అలాగే గేయం ఎత్తుకున్నాను. వెనక బెంచీలో పిల్ల లేచి "టీచర్, మీ గొంతొచ్చింది" అంది.

విశాఖ గాలి:
చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ. స్ట్రా నీళ్లలో ఎంత లోతు పెట్టాలి? నేనూ మొదలుపెడతాను.

నాదతంత్రి:
రెండు మూడు సెంటీమీటర్లు చాలు. లోతు పెరిగితే గాలికి అడ్డు పెరిగి మెడ బిగుస్తుంది. మీకు దిమ్మ పెట్టారు కాబట్టి మొదటిసారి మీ థెరపిస్టు ఎదురుగానే చేయండి.