పెనాంపాంగ్‌లో కోతల పండుగ కిరీటం పోటీ: పాపని తీసుకెళ్లొచ్చా?

కోనసీమ కోడలు:
అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల పోయిన ఏడాది నుంచి మలేషియాలో, సబా రాష్ట్రంలోని కోట కినబాలులో ఉంటున్నాం. మే నెలంతా ఇక్కడ కామాతన్ అనే వరికోతల పండుగ హడావుడి. మావారి ఆఫీసులో పనిచేసే, ఇక్కడి కదజాన్ తెగ ఆవిడ 31న పెనాంపాంగ్‌లో ఉందుక్ ఙదౌ, అంటే ఈ పండుగ కిరీటం పోటీ, ఫైనల్స్ చూడ్డానికి రమ్మని పిలిచింది. మా పాప తొమ్మిదో తరగతి, వస్తానని ఒకటే గొడవ. అత్తయ్యగారేమో "పండుగ పేరు చెప్పి అందాల పోటీ ఏమిటి, పిల్లకి అవి చూపించాలా?" అంటున్నారు. వరికోతలకీ కిరీటానికీ సంబంధం ఏమిటి? చూసినవాళ్లు చెప్పండి.

సబా టీచరమ్మ:
తప్పకుండా తీసుకెళ్లండి, అత్తయ్యగారిని కూడా. నేనిక్కడ చాలా ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఈ పండుగంటే నాకు ప్రాణం, కాస్త పొడుగ్గానే రాస్తాను.

పూర్వం తిండి లేక జనం అల్లాడుతుంటే సృష్టికర్త కినోయింగన్, భార్య సుమినుందు తమ కూతురు హుమినోదున్‌ని బలి ఇచ్చారట. ఆ పిల్ల కండ నుంచి వరి, తల నుంచి కొబ్బరి, వేళ్ల నుంచి అల్లం, పళ్ల నుంచి మొక్కజొన్న మొలిచాయంటారు. వరిలో ఉండే ఆత్మ పేరు బంబాజోన్. కోతల్లో అది చెదిరిపోతుందని బొబొహిజాన్‌లు, అంటే పూజారిణులు, మంత్రాలు చదువుతూ దాన్ని తిరిగి పిలుస్తారు. ఆ తంతుని మగవౌ అంటారు. కిరీటం పెట్టించుకునే అమ్మాయి ఆ హుమినోదున్‌కి గుర్తు.

అందం చూడరని నేననను. ముఖం, నడక, నిలబడే తీరు అన్నీ చూస్తారు. కానీ ఈతదుస్తుల్లాంటివి ఉండవు. ఒక్కో జిల్లా నుంచి గెలిచిన అమ్మాయి తన తెగ బట్టలు కట్టుకుని వస్తుంది. పెనాంపాంగ్ జిల్లా వాళ్లవి బంగారు అంచున్న నల్ల వెల్వెట్, నడుముకి వెండి నాణేల వడ్డాణం. రుంగుస్ తెగ అమ్మాయిల పూసల పని మీ పాపకి బాగా నచ్చుతుంది.

మా పక్కింటి అవ్వ మనవరాలు ఒకసారి జిల్లా పోటీలో నిలబడింది. టౌన్లో పెరిగిన పిల్ల, ఇంట్లో మలయ్, బయట ఇంగ్లీషు. వేదిక మీద తనని తాను కదజాన్ భాషలో పరిచయం చేసుకోవాలి కదా, ఆ టెన్షన్‌తో రోజూ సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకునేది. అవ్వ ఒక్కో మాట పలికించేది, తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఆ పిల్ల గెలవలేదు. కానీ ఇప్పుడు అవ్వతో ఆ భాషలోనే మాట్లాడుతుంది. కిరీటం ఎవరికొచ్చినా, అమ్మమ్మల నోటి మాట మనవరాళ్లకి అందుతోంది. నాకు ఈ పోటీలో అన్నిటికన్నా విలువైనది అదే.

వరంగల్ వాణి:
టీచరమ్మగారూ, బాగా చెప్పారు. కానీ ఊరి ఆకలికి ఆడపిల్లనే బలి ఇచ్చిన కథ నాకు మింగుడు పడటం లేదు. దానికి కిరీటం పెట్టి పండుగ చెయ్యాలా?

సబా టీచరమ్మ:
వాణిగారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. నాకూ ఆ కథ వింటే గుండె పిండినట్టుంటుంది. ఇక్కడివాళ్లు కూడా దాన్ని తేలిగ్గా చెప్పుకోరు. అన్నం గింజ కింద పడితే మా పక్కింటి అవ్వ ఒప్పుకోదు, ఏరి పక్కన పెడుతుంది. ఆ పిల్ల రుణం తీరేది కాదంటుంది. ఆమెని మరిచిపోయి అన్నం తినడం కన్నా ఏటా అందరి ముందు తలుచుకోవడమే నాకు న్యాయంగా అనిపిస్తుంది.

కేకే డ్రైవర్ బాబాయ్:
అమ్మా, రెండు ముక్కలు. ఫైనల్స్ పెనాంపాంగ్‌లోని హొంకోద్ కొయిసాన్ హాల్లో. 30, 31 రెండూ సబాలో సెలవులే, అందుకని జనం విపరీతం. పొద్దున్నే వెళ్లండి, ఆలస్యమైతే కారు పెట్టడానికి చోటు దొరకదు. ఆవరణలో తెగకో సంప్రదాయ ఇల్లు కట్టి ఉంటుంది, సుమజౌ డాన్సుకి చెయ్యి పట్టి లాగుతారు, వెళ్లండి. తాపై ఇస్తే అది బియ్యంతో చేసే సారా లాంటిది, వద్దంటే ఏమీ అనుకోరు. హినావా పచ్చి చేపతో చేస్తారు, అత్తయ్యగారు శాకాహారి అయితే ముందే అడగండి. ఆకులో చుట్టిన లినోపోత్ అన్నం మాత్రం తినిపించండి.